జైలంతటికీ సరిపడా పిండి

పోయిన వారం బేకరీ అక్కను మెట్ల మీద, అదీ ఒంటికాలి మీద వదిలేసి వచ్చాం. తెల్లవారగానే ఆవిడ మేడ మీది నుంచి దిగింది. చివరి మెట్టు దగ్గర కాలికి మెత్తగా, చల్లగా ఏదో తగిలింది. వంగి చూస్తే వెనక గది తలుపు కింది సందులోంచి తెల్లటిదేదో నెమ్మదిగా పాకుతూ బయటికి వస్తోంది. ఆవిడ కెవ్వున కేక వేసింది. ఆ కేకతోనే ఆపేశాం. ఒక మనిషిని వారం పాటు ఒంటికాలి మీద నిలబెట్టడం అన్యాయమే. కానీ ఈ కథలో అంతకంటే పెద్ద అన్యాయం సంగతి తేలాల్సి ఉంది కాబట్టి దీన్ని సర్దుకుపోండి.

మామూలు రోజయితే ఆవిడ అంత గట్టిగా అరిచేది కాదు. ఆ ఉదయమే పెరోల్ ఆఫీసరమ్మ వస్తానంది. బేకరీ అక్క తమ్ముడు ఒకప్పుడు కూరగాయల వ్యాను డ్రైవరు. క్యాబేజీల కింద గంజాయి మూటలు పెట్టుకుని వెళ్తూ దొరికిపోయాడు. పన్నెండేళ్ళు వేశారు. సగం అయ్యాక పెరోల్ మీద ఇంటికొచ్చి, అక్క బేకరీలో పని చేసుకుంటున్నాడు. ఆఫీసరమ్మ ఇల్లు చూసి, పని చూసి, ఎదురింటివాళ్ళ మాట విని సరేనంటే మిగిలిన సగం ఇక్కడే, ఈ వేడి రొట్టెల వాసన మధ్యే గడిచిపోతుంది. కాదంటే తమ్ముడు మళ్ళీ లోపలికి.

ఎదురింట్లో ఉండేదేమో మందుల షాపావిడ. తమ్ముడు గుమ్మంలో అడుగుపెట్టిన రోజు నుంచి ఆవిడ ఈ వైపు చూడటమే మానేసింది. అంతకుముందు నోరారా ‘వదినా’ అని పిలిచి, ఆదివారాలు బేకరీకి వచ్చి సరదాకి బన్నులు చుట్టి, కబుర్లన్నీ చెప్పి వెళ్ళే మనిషి. ఇప్పుడు వీధిలో ఎదురుపడితే ‘ఏమండీ’ అంటోంది. ఆ ‘అండీ’ బేకరీ అక్కకు కొత్త చెప్పు కరిచినట్టు కరుస్తోంది.

అందుకే ముందు రోజంతా అక్క నడుం వాల్చలేదు. షాపు అద్దాలు తుడిచింది, గోడల మూలల్లో బూజు దులిపింది, తమ్ముడి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి తలుపుకు తగిలించింది. ‘అడిగినదానికే జవాబు చెప్పు. జోకులు మాత్రం వెయ్యకు. నీ జోకులకి నవ్వేది నేనొక్కదాన్నే’ అని పాఠం కూడా చెప్పింది. ఇన్ని చేసి, తీరా ఇప్పుడు ఆ తలుపు తోసి చూస్తే...

గదినిండా పిండి. గిన్నెల్లో పిండి, బకెట్లలో పిండి, నీళ్ళ డ్రమ్ములో పిండి, కిందటి పుట్టినరోజు ఆర్డరుకు తెచ్చిన పెద్ద కేకు పెట్టెలన్నిట్లోనూ పిండి. పట్టనిది నేల మీదికి దిగి వీధి చూద్దామని బయల్దేరింది. దాని మధ్యలో మోచేతుల దాకా తెల్లగా, మొహం ఎర్రగా చేసుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు.

“ఏంట్రా ఇది?”

“పిండక్కా.”

“అది కనిపిస్తూనే ఉంది. ఎంత కలిపావు?”

తమ్ముడు గోడవారకు చూశాడు. మైదా బస్తాలన్నీ చొక్కాల్లా చక్కగా మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నీ ఖాళీ.

“నిన్న బాగా అలిసిపోయావు కదా, ఈ ఒక్క పూటా నిన్ను లేపకుండా నేనే కలిపేద్దాం అనుకున్నా. మొదటి బస్తా మూతి విప్పాను. అంతవరకే గుర్తుంది. ఆ తర్వాత చేతులే కలుపుకుంటూ పోయాయి. నీళ్ళు చాలట్లేదేంటా అని చూస్తే అప్పటికి అన్ని బస్తాలూ అయిపోయాయి.”

“మనం రోజుకి కలిపేది అర బస్తా రా!”

“అక్కడ మాత్రం అన్ని బ్యారక్కులకీ నేనే కలిపేవాణ్ణి కదా,” అన్నాడు తమ్ముడు, తప్పు చేసిన పిల్లాడి గొంతుతో. “ఇది జైలంతటికీ సరిపడా పిండక్కా.”

బేకరీ అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నెలంతటికీ అని తెచ్చిపెట్టుకున్న మైదా. ఈ రోజే ఆఫీసరమ్మ. ఏడుద్దామనే మడత బస్తాల మీద కూలబడింది. కానీ వీడు నిద్రమత్తులో ఒక జైలును వెంటబెట్టుకుని ఇంటికొచ్చేశాడన్న ఆలోచన రాగానే పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చేసింది. ఆవిడ నవ్వడం చూసి తమ్ముడూ నవ్వాడు. ఆ నవ్వుల మధ్య డ్రమ్ము మీది మూత టప్పున పైకి లేచి పక్కకి పడింది.

“లేవరా, లే!” అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ. “పిండి ఆగదు.”

పిండి దగ్గర పనిచేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఈస్ట్ పడ్డాక అది ఆఫీసరమ్మ కోసం ఆగదు, కన్నీళ్ళ కోసం ఆగదు. చుట్టి, పొంగనిచ్చి, కాల్చేయడం ఒక్కటే దారి. అక్క ఓవెన్ వెలిగించింది. ఈలోగా ఆవిడ కేక విన్న పక్కింటి టైలరు బాబాయి, దొంగలు పడ్డారనుకుని మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో పరిగెత్తుకొచ్చాడు. గదిలోకి చూసి కత్తెర దించేశాడు.

“ఎవరి పెళ్ళమ్మా?”

“పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. చేతులు కడుక్కో బాబాయ్!”

ఆ వెనక గదికి ఒక నియమం ఉంది. లోపల అడుగుపెట్టినవాళ్ళెవరైనా సరే, ముందు చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే మాట. చేతులు కడుక్కున్నవాణ్ణి ఊరికే నిలబెట్టడం అక్క రక్తంలో లేదు. బాబాయి చొక్కా చేతులు మడిచి బల్ల దగ్గర నిలబడ్డాడు. ఆయన చుట్టిన మొదటి బన్ను చొక్కా గుండీలా చదునుగా వచ్చింది. రెండోది కాస్త నయం.

మొదటి ట్రే బయటికి రాగానే అక్క అలవాటు ప్రకారం ఒక బన్ను తీసి తిరగేసి, అడుగున వేలితో తట్టింది. లోపల ఉడికితే డొల్లగా మోగుతుంది. మోగింది. కానీ అడుగున సరిగ్గా మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట ఉంది. ఇంకోటి తిరగేసింది. దానికీ ఉంది.

“ఇదేంట్రా, చిల్లు?”

“అదా, అక్కడి అలవాటు. జైల్లో ట్రేలన్నీ సొట్టలు. మోసుకెళ్తుంటే బన్నులన్నీ ఒక మూలకి జారిపోయేవి. అందుకని మా మేస్త్రి చుట్టిన ప్రతి బన్ను అడుగునా బొటనవేలు నొక్కి పెట్టమనేవాడు. కప్పులా కూచుంటుంది, జారదు. అక్కడ తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇలా చెయ్యరు.”

“ఇక్కడ మన ట్రేలకి సొట్టల్లేవు. కొనేవాళ్ళు ఎలక కొరికిందనుకుంటారు. ఆపెయ్,” అంది అక్క.

తమ్ముడు అలాగేనని ఆపేశాడు. కానీ చెయ్యి వినడం లేదు. రెండు చుడితే ఒకదానికి బొటనవేలు దానంతటదే కిందికి వెళ్తోంది. దాంతో అక్క వాణ్ణి బల్ల దగ్గర్నుంచి లాగేసి ఓవెన్ దగ్గర నిలబెట్టింది. చుట్టే పని తనూ, బాబాయీ చూసుకుంటారు, కాల్చే పని వాడిది. అలా పని ఒక దారిలో పడిందనుకుంటూ ఉండగా షాపు ముందు గంట మోగింది. ఆఫీసరమ్మ చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది.

తెల్ల చొక్కా తలుపుకే వేలాడుతోంది. తమ్ముడు మైదాలో పొర్లి లేచినట్టున్నాడు. బాబాయి ముక్కు మీద పిండి. ఆఫీసరమ్మ గుమ్మంలో నిలబడి, భుజాన సంచీ సర్దుకుని, బకెట్ల వంకా డ్రమ్ము వంకా చూసింది. ఆవిడది త్వరగా ఆశ్చర్యపడే మొహం కాదు.

“ఏం జరుగుతోందిక్కడ?”

“తప్పు నాదే మేడం,” అన్నాడు తమ్ముడు వెంటనే.

“ఇన్నేళ్ళ ఉద్యోగంలో, నేను అడక్కముందే ఒప్పుకున్నవాణ్ణి నిన్నే చూస్తున్నా,” అంది ఆవిడ. “ఇంతకీ ఏం తప్పు?”

వాడు చెప్పాడు. జోకుల్లేకుండానే చెప్పాడు గానీ, చెప్పేదే అలాంటిదైతే వాడేం చేస్తాడు? ఆఫీసరమ్మ పెదవుల చివర్లు కదిలాయి. వేడి బన్ను ఒకటి చేతిలోకి తీసుకుని తిరగేసింది. “ఇది నాకు తెలుసు,” అంది. “జైలుకి వెళ్ళినప్పుడల్లా నాకు పెట్టేది ఇదే బన్ను. ఈ బొటనవేలి గుంటలో వెన్న వేసుకుంటే భలే ఉంటుంది. ఎవరు చేస్తారో అనుకునేదాన్ని.” సగం తిన్నాక కానీ మళ్ళీ మాట్లాడలేదు. “సరే, ఇల్లు చూశాను. పని కూడా, కావలసినదానికంటే ఎక్కువే చూశాను. ఇక ఎదురింటావిడ మాట వినాలి. వచ్చేటప్పుడు రమ్మని చెప్పి వచ్చాను.”

“అయితే ఈలోగా చేతులు కడుక్కోండి మేడం,” అంది అక్క, నోటికి అలవాటైపోయి. అన్నాక నాలుక కరుచుకుంది. కానీ ఆవిడ సంచీ మేకుకు తగిలించి, పంపు దగ్గరికి నడిచింది.

మందుల షాపావిడ వచ్చేసరికి ఆఫీసరమ్మ ఏప్రాన్ కట్టుకుని బన్నులు చుడుతోంది. షాపావిడ అలాంటిది చూస్తాననుకోలేదు. తయారుచేసుకొచ్చిన కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ పక్కనే ఉన్న బకెట్లోంచి పిండి పొంగి నేల మీదికి జారబోతోంది. ఎన్ని ఆదివారాలు ఆ పిండి చుట్టాయో ఆవిడ చేతులు! చూస్తూ ఊరుకోలేకపోయింది. “అయ్యో, పోతోంది పోతోంది!” అంటూ రెండు చేతులా అదిమిపెట్టేసి, ఆ తర్వాత ఎవరి వంకా చూడకుండా వెళ్ళి చేతులు కడుక్కుంది.

“నేను పిండి పాడవకూడదని చేస్తున్నాను, అంతే. నా మాట మారదు,” అంది బల్లకు అటు చివర నిలబడుతూ.

“మాట మార్చమని ఎవరూ అడగలేదండీ,” అంది బేకరీ అక్క, ఆ ‘అండీ’ని వడ్డీతో తిరిగిచ్చేస్తూ.

అంతలో షాపావిడ కోసం ఆవిడ తమ్ముడు వచ్చాడు. వీధి అతణ్ణి ఓడబ్బాయి అంటుంది. ఏదో ఓడ మీద ఉద్యోగమనీ, ఏడాదిన్నర సముద్రం మీదే ఉండి ఈమధ్యే సెలవు మీద వచ్చాడనీ షాపావిడే అందరికీ చెప్పింది. సన్నగా, ఎప్పుడూ నేల వంక చూస్తూ ఉంటాడు. అన్ని సముద్రాలు చూసొచ్చిన మనిషి వీధి చివరిదాకా కూడా ఎందుకు రాడో ఎవరికీ అంతుపట్టలేదు.

“అక్కా, షాపులో జనం ఉన్నారు,” అన్నాడు గుమ్మం అవతల నుంచే.

“కాసేపు ఉంటే జనానికేం కాదు. ఇక్కడ పిండి వీధిన పడుతోంది. రా ఓడబ్బాయ్, చేతులు కడుక్కో!” అని బేకరీ అక్క చెయ్యి పట్టుకుని లాగింది.

“వాడెందుకు? వాడికి పనుంది,” అంది షాపావిడ. అవసరమైనదానికంటే కాస్త గట్టిగానే అంది.

అప్పటికే టైలరు బాబాయి అతణ్ణి పంపు దగ్గరికి తోసేశాడు. ఓడబ్బాయి బల్ల చివర, కిటికీ పక్కన నిలబడ్డాడు. మొదటి ముద్ద తీసుకునేటప్పుడు జంకాడు. నాలుగోదో ఐదోదో వచ్చేసరికి రెండు చేతులతో రెండు ముద్దలు ఒకేసారి తిప్పేస్తున్నాడు.

“ఓడలో వంట కూడా చేయిస్తారేంటయ్యా?” అన్నాడు బాబాయి నోరెళ్ళబెట్టి.

“అప్పుడప్పుడు,” అన్నాడు ఓడబ్బాయి తలెత్తకుండా.

ఓవెన్ దగ్గర అప్పటిదాకా ఈల వేస్తున్న తమ్ముడు ఈల ఆపేశాడు. అక్క అది గమనించింది గానీ, అప్పుడే ఆఫీసరమ్మ గొంతు సవరించుకోవడంతో మనసు అటు పోయింది.

“చెప్పండమ్మా,” అంది ఆఫీసరమ్మ షాపావిడతో. “ఈ అబ్బాయి మీ ఎదురింట్లో ఉండటానికి మీకేమైనా అభ్యంతరమా?”

“అభ్యంతరమే,” అంది షాపావిడ, ముద్దను బల్ల మీద గట్టిగా కొడుతూ. “నాకు ఇతని మీద పగ లేదు. కానీ చట్టం పన్నెండేళ్ళు అందంటే ఊరికే అనలేదు. మీకు తెలీదు మేడం, మీసాలు కూడా రాని పిల్లలు నా షాపుకొచ్చి కంటి చుక్కలు అడుగుతారు. కళ్ళు ఎర్రబడ్డాయి, ఇంట్లో తెలిసిపోతుంది, చుక్కలిమ్మంటారు. కిందటేడు నవ్వుతూ వచ్చిన కుర్రాడు ఈ ఏడు మనిషిని గుర్తుపట్టడు. వాళ్ళ అమ్మలు వచ్చి నిద్ర మాత్రలు అడుగుతారు. ఆ గంజాయి ఆకు ఆ పిల్లల దాకా నడిచి వెళ్ళలేదు కదా? ఎవరో ఒకరి బండెక్కే వెళ్ళింది.”

బేకరీ అక్కకు కోపం రాబోయి ఆగిపోయింది. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఆ పిల్లల్ని తనూ చూసింది.

“వీడు తప్పు చెయ్యలేదని నేననను,” అంది చివరికి. “తెలిసే తీసుకెళ్ళాడు. నాలుగు రోజుల్లో వ్యాను బాకీ తీరిపోతుందని ఆశపడ్డాడు. రెండేళ్ళు వెయ్యండి, మూడేళ్ళు వెయ్యండి, నోరు మూసుకుని కూచుంటాను. కానీ పన్నెండేళ్ళు ఎందుకు పడ్డాయో తెలుసా మేడం? ఆ రోజు వాన. మూటలు తడిసి ముద్దయిపోయాయి. ఆకూ, కాడలూ, గోనెసంచులూ, లోపలి వాన నీళ్ళూ అన్నీ కలిపి తూచారు. తూకానికి ఏదో గీత ఉందట, దాని అవతల పడింది. ఆ గీత దాటితే జడ్జిగారికి కూడా తగ్గించే వీల్లేదట. ఎండ కాసుంటే ఒక శిక్ష, వాన పడితే ఇంకో శిక్షా?”

“అంటే మబ్బుకి కూడా సగం శిక్ష వెయ్యాలి,” అన్నాడు బాబాయి గంభీరంగా.

“తూకం సంగతి అప్పీలులో చెప్పాల్సింది,” అంది ఆఫీసరమ్మ.

“చెప్పాం మేడం. అది విచారణకి వచ్చేసరికి ఆకు ఎండిపోయింది, శిక్ష మాత్రం తడిగానే ఉంది,” అంది అక్క. “వీడి పక్క మంచం మనిషి సొంత అన్న తల పగలగొట్టి వచ్చాడు. వీడికంటే ముందే వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ‘పాపం, నీకింకా ఎన్నాళ్ళో’ అని వీణ్ణి ఓదార్చి మరీ వెళ్ళాడట!”

“మూటలు ఎక్కించిందెవరో చెప్పుంటే తగ్గించేవాళ్ళు కదా,” అంది ఆఫీసరమ్మ, ఈసారి తమ్ముడి వైపు తిరిగి. “ఎందుకు చెప్పలేదు?”

తమ్ముడు ఓవెన్ తలుపు మూశాడు. “ఇంకొకణ్ణి లోపలికి తోసి నేను బయటికి రావడం బాగోలేదనిపించింది మేడం. తెలివితక్కువతనమే అయ్యుండొచ్చు.”

“అయితే నీకు పడిన శిక్ష న్యాయమంటావా, కాదంటావా?”

ఈ ప్రశ్న వస్తుందని అక్కకు తెలుసు. ‘న్యాయమే మేడం’ అనమని వాడికి ముందు రోజు పదిసార్లు చెప్పింది. తమ్ముడు మాత్రం చేతుల పిండి రాలగొట్టుకున్నాడు.

“మొదట్లో శిక్షలాగే ఉండేది. ఈ అక్కయ్యగారు చెప్పారే, ఆ పిల్లలు. వాళ్ళ గురించే ఆలోచించేవాణ్ణి. నా బండెక్కిన ఆకు ఎవరి చేతికి చేరిందో, ఏ తల్లి ఏడ్చిందో అని. సిగ్గుతో అన్నం సయించేది కాదు. అలా ఏడాది, రెండేళ్ళు. తర్వాత అలవాటైపోయింది మేడం. సిగ్గు కూడా అలవాటైపోతుంది. లేవడం, కలపడం, పడుకోవడం, అంతే. నన్ను మార్చాల్సినంతా ఆ రెండేళ్ళే మార్చాయి. ఆ తర్వాతి ఏళ్ళు నా చేతుల్ని మాత్రమే మార్చాయి. చూస్తున్నారుగా, ఇంటికి పిండి కలపమంటే జైలుకి కలిపాను. ఇంకో ఆరేళ్ళుంటే నేనే జైలుకి సరిపోయేలా తయారవుతాను, ఇంటికి పనికిరాను.” అలవాటు చావక, “ఇంటికి పనికొచ్చినా మైదా ఖర్చు భరించలేరు,” అన్నాడు.

బాబాయి పకపకా నవ్వాడు. ఆఫీసరమ్మ కూడా తల పక్కకి తిప్పుకుని నవ్వింది. బేకరీ అక్కకు తను నేర్పిన పాఠంలో ఒక్క మాటా అప్పజెప్పనందుకు వాడి చెవి మెలెయ్యాలనీ ఉంది, వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనీ ఉంది. రెంటికీ చేతులు ఖాళీ లేవు.

నవ్వనిది మందుల షాపావిడ ఒక్కతే. ఆవిడ చేతిలో ముద్ద ఎప్పుడో గుండ్రంగా అయిపోయింది. అయినా చుడుతూనే ఉంది.

“మాటలు బాగానే ఉన్నాయి,” అంది చివరికి, ఆ ముద్దతోనే మాట్లాడుతున్నట్టు. “కానీ ఒకరికి తగ్గిస్తే పదిమందికి ధైర్యం వస్తుంది. రేపు నా సొంత తమ్ముడే చేసినా ఇదే మాట అంటాను.”

కిటికీ పక్కన టకటకా వినిపిస్తున్న చప్పుడు ఆగింది. ఓడబ్బాయి చేతులు బల్ల మీద కదలకుండా ఉండిపోయాయి.

“అయితే మీ మాట ఏంటమ్మా? ఉండొచ్చా, వెళ్ళాలా?” అంది ఆఫీసరమ్మ.

“వెళ్ళాలి,” అంది షాపావిడ.

చాలా మెల్లగా అంది. అయినా ఆ గదిలో అందరికీ వినిపించింది. బేకరీ అక్క ఏడుపు మొహం ఎవరికీ కనపడకుండా గబుక్కున ఓవెన్ వైపు తిరిగి, తయారైన ట్రే బయటికి లాగింది. అది కిటికీ వైపు నుంచి వెళ్ళిన ట్రే. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఒక బన్ను తీసి, తిరగేసి, తట్టబోయింది.

అడుగున సరిగ్గా మధ్యలో బొటనవేలు పట్టేంత గుంట ఉంది.

తమ్ముడు బల్ల దగ్గర్నుంచి వెళ్ళి చాలాసేపయింది. బాబాయి బన్నులు గుండీలు. ఈ ట్రే మొత్తం చుట్టింది ఒక్కడే. అక్క ఇంకోటి తిరగేసింది, ఇంకోటి. అన్నిటికీ ఉంది. ఏ ఓడలోనూ, ఏ సముద్రం మీదా నేర్పని గుంట అది. అక్కడ తప్ప ఇంకెక్కడా ఎవరూ ఇలా చెయ్యరని పొద్దున్నే వాడు చెప్పాడు. ఈ మనిషి ఏడాదిన్నరకే జైలు నుంచి బయటపడి ఇంటికొచ్చాడు, తన తమ్ముడికి ఇంకా సగం ఉంది. ఆ ఏడాదిన్నర దాచుకోవడానికి షాపావిడ ఒక ఓడను కల్పించి, దాన్ని అందరూ నమ్మడానికి నలుగురిలో నిప్పులు కక్కుతోంది.

ఒక్క మాట చాలు. ఈ బన్ను తిరగేసి బల్ల మీద పెట్టి ‘మీ తమ్ముడికైతే ఏం శిక్ష పడిందండీ?’ అంటే చాలు. షాపావిడ మాటకు విలువ ఉండదు. తన తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు. ఆ మాట అక్క నాలుక చివరిదాకా వచ్చింది.

తలెత్తి చూస్తే తమ్ముడు తన వంకే చూస్తున్నాడు. వాడికి ఎప్పుడో తెలుసు. ఈల ఆగినప్పుడే తెలుసు. ఎవరికీ తెలియనంత కొద్దిగా తల అడ్డంగా ఊపాడు. వద్దక్కా.

‘నీ మంచితనం మండిపోనూ’ అనుకుంది అక్క. పన్నెండేళ్ళు పడినా బుద్ధి రాలేదు వీడికి. బల్ల చివర ఓడబ్బాయి మొహం మైదాకంటే తెల్లగా ఉంది. వాడి పక్కన వాడి అక్క. తనలాగే ఒక అక్క.

“ఏమైందమ్మా, మాడిందా? ఇలా ఇవ్వండి చూద్దాం,” అంటూ ఆఫీసరమ్మ చెయ్యి చాపింది.

బేకరీ అక్కకు ఇంకేం తోచలేదు. ఓవెన్లోంచి అప్పుడే వచ్చిన ఆ బన్నును అడుగు వైపు నుంచి గబుక్కున కొరికేసింది. నోరు భగ్గుమంది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఇప్పుడు ఏడ్చినా ఎవరూ అడగరు కదా, అదొక్కటే లాభం.

“బా... బావుంది మేడం. బ్రహ్మాండంగా ఉంది,” అంది నోరంతా కాలిపోతూ.

“మొత్తం మీరే తింటే ఎలా? ట్రే నిండా ఉన్నాయిగా,” అంటూ ఆఫీసరమ్మ ఇంకో బన్ను తీసుకుంది. తీసుకుని, గుంటలో వెన్న వేసుకునే అలవాటు కొద్దీ దాన్ని తిరగేసింది. చూసింది. మొదటిసారిగా ఆవిడ మొహంలో ఆశ్చర్యం కనిపించింది. ఓవెన్ వైపు చూసింది, బల్ల వైపు చూసింది, ఆ ట్రే ఏ మూల నుంచి వెళ్ళిందో చూపుతోనే వెతికింది.

షాపావిడకు ఆ గుంట ఏంటో తెలియదు. కానీ తన తమ్ముడి మొహం చూసింది. అతని చేతిలో సగం చుట్టిన ముద్ద అడుగున బొటనవేలు ఇంకా దిగే ఉండటం చూసింది. నెల రోజులుగా నోట రాని మాట ఆవిడ పెదవుల మీదికి వచ్చింది.

“వదినా...” అంది, బేకరీ అక్క వంక చూస్తూ.

జవాబివ్వడానికి అక్కకు నోరు కాలిపోయి ఉంది. బల్ల దగ్గరికి వచ్చి, దాని కింద నుంచి షాపావిడ పిండి చెయ్యి పట్టుకుంది.

ఆఫీసరమ్మ ఆ బన్నును అడుగు పైకి వచ్చేలా బల్ల మధ్యలో పెట్టి, చాలా నెమ్మదిగా అడిగింది.

“ఈ ట్రే చుట్టిందెవరు?”

“నేనే మేడం,” అన్నాడు ఓవెన్ దగ్గర్నుంచి తమ్ముడు.

“నేనే,” అన్నాడు, అదే క్షణంలో, కిటికీ పక్కన ఓడబ్బాయి.